రాళ్ల కొలువులో ఊఁ కొట్టిన చిలక

అనగనగా మణిగిరిలో ఒక రాజు. ఆ రాజుకు ముగ్గురు కొడుకులు. ఊఁ కొట్టండర్రా! ఊఁ కొట్టకపోతే నేను చెప్పనంతే.

పెద్దవాడు కీర్తిసేనుడు నోరు విప్పితే పద్యాలే. నడిపివాడు రణసేనుడు నోరు విప్పితే ఉరుములే. చిన్నవాడు విమలసేనుడు నోరు విప్పితే ఏముంది, ఉత్త గాలి. నలుగురిని చూస్తే చాలు, కాళ్లు వణికేవి, నాలుక పిడచకట్టుకుపోయేది. ఒకనాడు నిండుకొలువులో మాట్లాడమంటే నేలచూపులు చూస్తూ నిలబడిపోయాడు. సభంతా నవ్వింది. "మాట రానివాడు నాకెందుకు పుట్టాడు!" అని రాజు ముఖం తిప్పేసుకున్నాడు. అయ్యో, తండ్రి అనవలసిన మాటేనా అది? వాడు మూడు రోజులు అన్నం ముట్టలేదు.

ఆ ఏడే కంకాళుడనే మాంత్రికుడు రాజును ఏడు సముద్రాల అవతలికి ఎత్తుకుపోయి రాయిని చేశాడు. "నా కొలువుకొచ్చి కథ చెప్పండి. ఒక్క ప్రాణి ఊఁ కొట్టినా మీ తండ్రిని వదిలేస్తా. కొట్టలేదా, మీరూ రాళ్లే" అని కబురంపాడు.

పెద్దవాడు వెళ్లాడు, పద్యాలు చదివాడు, రాయైపోయాడు. నడిపివాడు వెళ్లాడు, గొంతు చించుకున్నాడు, రాయైపోయాడు. రాణి పూటపూటకీ అందరికీ విస్తళ్లు వేసి, వడ్డించి, తాను మాత్రం తినకుండా కూర్చునేది. అది చూడలేక చిన్నవాడు బయల్దేరాడు.

సముద్రపు ఒడ్డున కొంగ కనిపిస్తే దానికి కథ చెప్పబోయాడు. నేలకేసి చూస్తూ గొణిగాడు.

"నేలను చూస్తూ చెబితే నేలే వింటుంది నాయనా!" అంది కొంగ. "ఇన్ని చేపలున్నా నేను చూసేది ఒక్క చేపనే. నువ్వూ ఒక్కరినే చూడు."

తాబేలు వీపెక్కి సముద్రాలు దాటుతూ మళ్లీ చెప్పాడు, గుక్క తిప్పుకోకుండా. "ఓరి నీ తొందర తగలెయ్య! నేను మునిగి తేలేదాకా ఆగు, అప్పుడు చెప్పు" అంది తాబేలు. అది మునిగినప్పుడల్లా ముక్కు మూసుకుని ఆగేవాడు. తేలాక ఇంకో మాట. ఏడో సముద్రం దాటేసరికి గుండెదడ కాస్త తగ్గింది.

కంకాళుడి కోటగోడ కన్నంలో ఎలుక. "పెద్ద పెద్ద మాటలు నాకెందుకయ్యా? మీ వంటింటి సంగతి చెప్పు" అంది. చెప్పాడు. ఎలుక కళ్లు తుడుచుకుంది. "విను. ఆ మాంత్రికుడి ప్రాణం కొలువులో పంజరంలోని చిలకలో ఉంది. అది తనంతట తాను ఊఁ అంటే వాడు చచ్చినట్టే. కానీ ఇన్నేళ్లలో ఒక్కసారీ అనలేదు."

కొలువు నిండా రాళ్లు. ముందు వరసలో తండ్రి. రాయయ్యాక కూడా ఆ ముఖం పక్కకే తిరిగి ఉంది. వాడి కాళ్లు వణికాయి. కంకాళుడు పకపకా నవ్వాడు.

విమలసేనుడు చిలకనొక్కదాన్నే చూశాడు. ఊపిరి పీల్చుకున్నాడు. ఆగాడు.

"మా అమ్మ రోజూ ఐదు విస్తళ్లు వేస్తుంది."

ఆగాడు.

"మూడింటి దగ్గర ఎవరూ కూర్చోరు. అన్నం చల్లారిపోతుంది. సాయంత్రం ఆవుకు పెడుతుంది. ఆవు కూడా తినడం మానేసింది. ఇప్పుడు నాలుగో విస్తరి కూడా ఖాళీయే."

చిలక మెడ వంచి ముందుకు జరిగింది. దాన్ని కూడా తల్లి గూట్లోంచి పట్టుకొచ్చినవాడు కంకాళుడే మరి.

"నోరు మూసుకో!" అని మాంత్రికుడు చిలక మీదికి ఉరికాడు.

"ఊఁ... తర్వాత ఆ తల్లి తిన్నదా?" అంది చిలక.

అంతే, కంకాళుడు కుప్పకూలాడు. చిలక ఎగిరిపోయింది. రాళ్లన్నీ మనుషులయ్యాయి. వాళ్లలోంచి లేచిన రత్నావళి అనే రాకుమారి, "మీ అమ్మగారికి నేనూ ఒక ముద్ద తినిపిస్తాను" అంటూ వాడి వెంట వచ్చింది. ఆమెనే పెళ్లాడాడు. అన్నలిద్దరూ "నువ్వే ఏలుకో తమ్ముడూ" అన్నారు.

తండ్రికి మాత్రం మాట తిరిగి రాలేదర్రా. కొడుకును మాట రానివాడన్న ఆ గొంతు రాయిగానే ఉండిపోయింది. ఎంత ఏడ్చినా, ఎన్ని మందులు పోసినా అంతే.

పట్టం కట్టుకున్ననాడు విమలసేనుడు జనం ముందు నిలబడ్డాడు. మళ్లీ అవే కాళ్లు, అదే వణుకు. ముందు వరసలో ముసలిరాజు. ఆయననొక్కడినే చూస్తూ మొదటి మాట అన్నాడు. ఆగాడు.

ముసలిరాజు ఈసారి ముఖం తిప్పుకోలేదు. కళ్లనీళ్లు కారుతుంటే గొంతులో మిగిలిన ఒకే ఒక్క చప్పుడు పైకి తీశాడు.

"ఊఁ."

ఆ తర్వాత విమలసేనుడు అరవై ఏళ్లు రాజ్యమేలాడు. ఏమర్రా, మీరలా అయిపోయారేం? ఊఁ అనండి.