ఒక్కడి పప్పుకు పోపు

ముందు ముద్ద మింగండి. మింగితేనే కథ. ఆఁ, అలా.

అనగనగా ఒక అడవిలో, ఒకరింట్లో పోపు వేస్తే పక్కింట్లో తుమ్ములొచ్చేంత దగ్గరగా బొరియలున్న అడవిలో, సూదన్న అనే ముళ్లపంది కొత్తగా కాపురం పెట్టాడు. కాపురమంటే పెద్ద కాపురమేం కాదు. ఒంటి ప్రాణం. ఒక చిన్న పిడత, ఒక మూకుడు, ఒక గరిటె, ఒక చెంబు. అంతే వాడి సంసారం.

సామాను కొంచెమే అయినా వాడి వంట చూడముచ్చటగా ఉండేది. రోజూ గుప్పెడు బియ్యం, అర గుప్పెడు కందిపప్పు. మధ్యాహ్నం పప్పూ అన్నం. మిగిలిన పప్పులో సాయంత్రం నీళ్లు పోసి, కాస్త చింతపండు పిసికితే చారు. అడుగున మిగిలిన నాలుగు మెతుకులూ గంజిలో నానేసుకుంటే తెల్లారేసరికి చద్దన్నం. ఒక్క గింజ పారేసేవాడు కాదు. మీలాగా పళ్లెంలో వదిలేసి లేచేవాడూ కాదు.

వాడికి ఒకటే భయం. వండేదంతా ఒక్కడికే సరిపోతుంది. ఎవరైనా వచ్చి పీట వేసుకుని కూచుంటే తన గతేమిటి?

ఒకరోజు సూదన్న పప్పు ఉడకబెట్టి, మూకుట్లో అర చెంచా నూనె వేసి, ఆవాలూ ఎండుమిరపకాయా కరివేపాకూ వేశాడు. చుయ్‌మంది. ఆ చప్పుడు ఇంకా ఆగనే లేదు, పక్క బొరియలోంచి చెవులమ్మ అనే కుందేలు తల బయటపెట్టింది.

"ఏం కూర చేశావు తమ్ముడూ?" అని అడిగింది.

సూదన్న కొండ అవతలినుంచి వచ్చినవాడు. అక్కడ ఎవరైనా కూర సంగతి అడిగారంటే విస్తరాకు పట్టుకుని బయలుదేరినట్టే. అందుకని వాడు గబుక్కున పొయ్యికి అడ్డంగా నిలబడి, ఒంటిమీది ముళ్లన్నీ విప్పి పిడతని దాచేశాడు.

"కూరా లేదు గీరా లేదక్కా. ఇంకా పొయ్యే వెలిగించలేదు" అన్నాడు.

వాడి వెనకనుంచి పొగ సుళ్లు తిరుగుతూనే ఉంది. చెవులమ్మ ఆ పొగని చూసింది, వాడి మొహం చూసింది.

"సరే తమ్ముడూ, వేళకింత తిను" అని వెళ్లిపోయింది.

ఈలోగా మూకుట్లో పోపు మాడింది. పిడతలో పప్పూ అడుగంటింది. ఆ పూట సూదన్న మాడు వాసన కొట్టే పప్పు తిన్నాడు.

మర్నాడు తెలివిగా పోపు మానేశాడు. చప్పుడు లేకపోతే ఎవరూ రారు కదా అనుకున్నాడు. కానీ పొయ్యిలో పొగ పైకి పోతుందిగా? చెట్టుకొమ్మ మీదనుంచి తురాయక్క అనే అడవికోడి మెడ వంచి చూసింది.

"ఏం కూర సూదన్నా?" అంది.

సూదన్న పొయ్యిలో చెంబెడు నీళ్లు కుమ్మరించాడు. "ఏం లేదు తురాయక్కా, చలికి నిప్పు వేసుకున్నా" అన్నాడు. మండువేసవిలో చలేమిటని తురాయక్క ఆశ్చర్యపోయింది. సూదన్న ఆ పూట పలుకు విడవని అన్నం కరకరా నమిలాడు.

ఆ మర్నాడు పొయ్యే వెలిగించలేదు. అయినా ఆ దారినే పోతున్న ఎలుగవ్వ ఆగింది. ఎలుగవ్వంటే ముసలి ఎలుగుబంటి. ఆవిడ పొట్ట చూడగానే సూదన్న పిడతని వీపు వెనక్కి నెట్టాడు.

"ఏం కూర నాయనా?" అంది ఎలుగవ్వ.

"ఇవాళ ఉపవాసం అవ్వా."

"ఏ దేవుడికి?"

సూదన్నకి వెంటనే ఏ దేవుడూ గుర్తురాలేదు. "అందరికీను" అన్నాడు.

ఎలుగవ్వ వాడిని ఎగాదిగా చూసి వెళ్లింది.

అప్పటినుంచి సూదన్న వంటే మానేశాడు. ఒక్కడికి పొయ్యెందుకులే అని తనకి తానే చెప్పుకున్నాడు. ఇంత పచ్చి దుంప కొరికేవాడు, ఇన్ని నానిన గింజలు నమిలేవాడు, ముడుచుకుని పడుకునేవాడు. వేడి పప్పు తిన్నవాడికి పచ్చి దుంప ఎక్కుతుందా? సగం కొరికి సగం వదిలేసేవాడు. చిక్కిపోయాడు. నిగనిగలాడే ముళ్లు తడిసిన గడ్డిలా వాలిపోయాయి.

అంతలో వానలు పట్టాయి. సూదన్నకి జ్వరమూ దగ్గూ పట్టుకున్నాయి. బొరియ మూలన పడుకుంటే లేచి నీళ్లు తాగే ఓపిక కూడా లేదు. తను ఇలా పడి ఉన్నట్టు ఎవరికీ తెలియదు. ఎవరికీ తెలియకుండా ఉండాలనేగా ఇన్నాళ్లూ తంటాలు పడ్డాడు. ఇప్పుడు అది తలుచుకుంటే వాడికి ఏడుపొచ్చింది.

బయట బురదలో అడుగుల చప్పుడయింది.

"నాయనా సూదన్నా, లోపలున్నావా?" ఎలుగవ్వ గొంతు.

పలక్కుండా ఉంటే ఆవిడ వెళ్లిపోతుంది. మూలనున్న గుప్పెడు బియ్యం, అర గుప్పెడు పప్పు భద్రంగా ఉంటాయి. సూదన్న నోరు మూసుకున్నాడు. కానీ ఒక ఆలోచన వచ్చింది. పలక్కపోతే ఈ గింజలు దక్కుతాయి, మరి నేను దక్కుతానా?

"ఉన్నాను అవ్వా" అన్నాడు ఉన్న ఓపికంతా కూడగట్టుకుని. "లేవలేకపోతున్నాను. లోపలికి రా."

ఎలుగవ్వ వంగి లోపలికొచ్చింది. వెనకాలే చెవులమ్మా, తురాయక్కా వచ్చారు. అందరూ వానలో తడిసి ముద్దయ్యారు. అంతమందిని చూసేసరికి సూదన్న నిజం కక్కేశాడు.

"అవ్వా, అబద్ధాలాడాను. ఉపవాసమూ లేదు, ఏమీ లేదు. నా దగ్గర ఒక్కడికి సరిపడా గింజలే ఉన్నాయి. ఇంతమందికి ఎలా పెట్టను?"

ఎలుగవ్వ మూలనున్న పిడత తీసి అరచేతిలో పెట్టుకుని చూసింది. అది ఆవిడ బొటనవేలంత ఉంది.

"ఓరి పిచ్చి నాయనా, ఇది నా పంటి సందుకి కూడా చాలదు. దీనికోసమా మేం వచ్చింది?" అంది.

"మరి రోజూ ఏం కూర, ఏం కూర అని అడిగారుగా?"

చెవులమ్మ నవ్వాపుకోలేకపోయింది. "అడుగుతాం తమ్ముడూ. నువ్వు ఫలానా కూర, రా, ఓ ముద్ద తిను అంటావు. మేం ఇప్పుడే తిన్నాం అంటాం. మా దారిన మేం పోతాం. ఇక్కడ అందరం అంతేగా."

"నేనూ ఒంటిదాన్నే నాయనా" అంది ఎలుగవ్వ. "ఒంటిగా ఉండేవాళ్లు తిన్నారో లేదో, అసలు ఉన్నారో లేదో బయటివాళ్లకెలా తెలుస్తుంది? పోపు వినబడితే, పరవాలేదు, ఇవాళ కులాసాగానే ఉన్నారని అనుకుంటాం. నీ ఇంట్లో ఆ చప్పుడు ఆగిపోయింది. నిన్నటినుంచి దగ్గు కూడా వినబడటం లేదని తురాయి చెప్పింది. ఇక నిలవలేక వచ్చాం."

సూదన్నకి ఒక్కసారిగా గుండెల మీంచి బండరాయి దించినట్టయింది. అమ్మయ్య అనుకున్నాడు. తన గుప్పెడు గింజల కోసం కాదు, తన కోసం వచ్చారు. ఇంత చిన్న సంగతి తెలియక ఎన్నిరోజులు పస్తులున్నాడో తలుచుకుని సిగ్గుపడ్డాడు, వెంటనే నవ్వాడు కూడా.

ఎలుగవ్వ రెండు గోళ్లతో ఆ బుల్లి పిడతని పట్టుకుని, వాడి గుప్పెడు బియ్యమే మెత్తగా ఉడికించింది. చెవులమ్మ మిరియాలు దంచి చారు పెట్టింది. తురాయక్క పక్కన కూచుని ఊదుకుంటూ తినమని పోరుపెట్టింది. వేడి వేడి మిరియాల చారు గొంతు దిగేసరికి సూదన్న నుదుట చెమట పట్టింది. రెండు పూటల్లో జ్వరం తగ్గింది.

లేచిన రోజున సూదన్న దోసకాయ పప్పు చేశాడు. మూకుడు పెట్టి పోపు వేశాడు. చుయ్‌మంది.

"ఏం కూర తమ్ముడూ?" అంది చెవులమ్మ.

సూదన్నకి లోపల కాస్త బెదురుగానే ఉంది. అయినా గట్టిగా చెప్పాడు. "దోసకాయ పప్పక్కా. రా, ఓ ముద్ద తిను."

"ఇప్పుడే తిన్నా తమ్ముడూ" అని చెవులమ్మ వెళ్లిపోయింది.

సూదన్న హాయిగా కూచుని, అడుగంటని పప్పు కడుపునిండా తిన్నాడు.

ప్రతిసారీ అలాగే జరుగుతుందా? జరగదు. ఒక సాయంత్రం తురాయక్క తడిసిపోయి వచ్చి, "ఇప్పుడే తిన్నానని అబద్ధమాడలేను సూదన్నా. పొద్దుటినుంచి వాన, గింజ దొరకలేదు" అంది. సూదన్న పిడతలోకి చూశాడు. ఒక్కడి పప్పే ఉంది. దాంట్లో రెండు గరిటెల నీళ్లు పోశాడు, చింతపండు పిసికాడు, ఉప్పు వేశాడు. ఒక్కడి పప్పు ఇద్దరికి చారయింది. ఇద్దరూ తిని, వాన చూస్తూ కబుర్లు చెప్పుకున్నారు.

వానలు వెళ్లి మళ్లీ ఎండలు కాశాయి. ఒకరోజు మధ్యాహ్నం సూదన్న పోపు వేసుకుని, అలవాటుగా చెవి రిక్కించాడు. ఎలుగవ్వ గుహలోంచి చుయ్యి వినబడలేదు. కాసేపు ఆగాడు. అయినా వినబడలేదు. వడ్డించుకున్న అన్నం అలాగే వదిలేసి, పిడత చేత్తో పట్టుకుని, ముళ్లు గలగలలాడుతుంటే పరుగు తీశాడు.

ఎలుగవ్వ గుహలో చల్లగా చతికిలబడి ఉంది. ముందు పెద్ద ముంత. చేతిలో ఉల్లిపాయ.

"అవ్వా, ఏమైంది? పోపు వినబడలేదు" అన్నాడు సూదన్న రొప్పుతూ.

"ఎండగా ఉందని చద్దన్నం తింటున్నా" అంది ఎలుగవ్వ. "చద్దన్నానికి పోపెవరు వేస్తారు నాయనా?"

సూదన్న గుమ్మంలోనే కూలబడ్డాడు. అమ్మయ్య అన్నాడు, ఈసారి పైకే.

ఎలుగవ్వ ముంత కాస్త ముందుకు తోసింది. "రా, ఓ ముద్ద తిను" అంది.

ఇప్పుడే తిన్నాను అనబోయాడు సూదన్న. అంతలో వాడి కడుపు గుర్రుమంది.

"ఇంకా తినలేదవ్వా" అన్నాడు.

ఎలుగవ్వ ఉల్లిపాయని రెండు ముక్కలు చేసి, పెద్ద ముక్క వాడివైపు జరిపింది.

నీతి: ఒక్కరికే వండుకుంటున్నా పొయ్యి వెలిగించుకోవాలి, గిన్నె చిన్నదని సిగ్గుపడనక్కర్లేదు, ఆకలిని నలుగురి దగ్గరా దాచుకుంటేనే చేటు.