మొవ్వులమాత దిబ్బ, మొవ్వు కోయని మట్టల పండుగ

ఈ స్థలం కథను ఈ రాసేవానికి మొదట చెప్పినది కంతేటి జపమాలమ్మ. ఈ కథలో రాబోయే అగాతమ్మ గారికి ఆమె కడగొట్టు కూతురు. వల బాగుచేసుకుంటూ చెప్పేది. మధ్యలో ఎవరైనా నోరు పెడితే మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకునేది. కాబట్టి ఇందులో ఒక్క ముక్క పొల్లు లేదు. తరువాత చాలామంది చాలా రకాలుగా చెప్పుకుంటున్నారు. వారు ఎవరి నోట విన్నారో వారికే తెలియవలెను.

కృష్ణ కాలువలు సముద్రంలో కలిసే దిక్కున, ఇసుక మేటల నడుమ, మొవ్వులమాత గుడి ఉన్నది. వచ్చే దారిలో పెద్దూరు తగులుతుంది. అక్కడ గుడి పెద్దది, గంట పెద్దది, మైకు మరీ పెద్దది. భక్తులు అక్కడ ఆగిపోక తిన్నగా ముందుకు రావలెను. రోడ్డు అయిపోయి ఇసుక మొదలైన చోట చెప్పులు విడిచి నడిస్తే తాటితోపు కనబడుతుంది. ఆ తోపులో తాతలనాటి చెట్లు, వాటి పక్కన వయసు చెట్లు, వాటి కాళ్ళ దగ్గర మొన్న మొన్ననే టెంక పగిలి మొలిచిన పసికూనలు, అన్నీ కలిసే ఉంటాయి. నడుమ తియ్యనీటి దొరువు. దొరువు అంటే ఇసుకలో వెడల్పుగా తవ్విన నీటి గుంట, దిగి కడవ ముంచుకోవచ్చును. సముద్రం హోరు చెవిలో పడుతున్నా ఈ నీటికి ఉప్పదనం తెలియదు. దొరువు ఒడ్డున గుడి, గుడిలో మూరెడు పొడుగు చెక్క స్వరూపంలో బాలయేసును చంకనెత్తుకున్న మరియతల్లి.

పూర్వం ఇక్కడ ఉన్నవి తాటాకు ఇళ్ళే. గుడి కూడా తాటాకుదే. మగవారు వేటకు సముద్రం మీదికి పోతే, ఆడవారు దొరువు నీళ్ళు మోసి ఇసుకలో ఆనపపాదులు, దోసపాదులు పెంచేవారు. ఆ నీటికి కాపలా కాసినది తాటితోపు. గాలి ఎంత ఇసుకను ఎగదోసుకొచ్చినా తోపులో చిక్కుకుని అక్కడే పడిపోయేది.

ఆనాడు ఈ పాలెం గుడికి ఉపదేశి కంతేటి శౌరయ్య. స్వాములవారు, అంటే ఫాదరుగారు, పెద్దూరు నుంచి అప్పుడప్పుడు వచ్చి పూజ చెప్పి పోతే, మిగిలిన రోజులన్నీ జపం చెప్పించేది, పిల్లలకు జ్ఞానోపదేశం నేర్పేది, పోయినవారిని సాగనంపేది శౌరయ్యే. మంచివాడు, మాటకు నిలబడేవాడు. అయితే మట్టల ఆదివారం వస్తే మాత్రం ఆయనను పట్టడం కష్టం.

మట్టల ఆదివారం అంటే యేసుప్రభువు గాడిదనెక్కి యెరూషలేముకు వచ్చినప్పుడు జనం మట్టలు పట్టుకుని ఎదురేగిన పండుగ. ఆ రోజుకు శౌరయ్య తాటాకుతో సిలువలు అల్లేవాడు. వెన్న రంగులో నిగనిగలాడే సిలువలు. పాలెమంతా వాటిని ఎత్తిపట్టి, హోసన్నా పాడుకుంటూ పెద్దూరు ప్రదక్షిణలో కలిస్తే, పెద్దూరువారి కొబ్బరి మట్టలు చీపుళ్ళలాగా కనబడేవి. అది చూసి శౌరయ్య ఏడాదికి సరిపడా సంతోషం మూట కట్టుకునేవాడు.

ముదురాకుతో అల్లితే సిలువ మడత దగ్గర చిట్లుతుంది. లేత మొవ్వు కావాలి. మొవ్వు అంటే మొక్క నడినెత్తిన ఇంకా విచ్చుకోని ఆకు. అది తెగితే ఆ మొక్క మరి లేవదు. ఎత్తు చెట్లెక్కి తీసే ఓపిక ఎవరికి? చేతికందే పిల్లమొక్కల నెత్తినే కత్తి పడేది. దేవుని పనికే కదా, ఇంటికి ఒక్కటే కదా అనుకున్నారు. ఏటా అలాగే అనుకున్నారు. దొంగతనంగా కోస్తే పట్టుకునేవారు ఉందురు, భక్తితో కోసేవానిని పట్టుకునేదెవరు?

శౌరయ్య భార్య అగాతమ్మ ఒక్కతే అంటూ ఉండేది, "ఏమయ్యా, తోపులో అందరూ ముసలోళ్ళే ఉన్నారు. పిల్లా జెల్లా లేని కొంపలా లేదూ?" అని.

"పండగపూట అపశకునం మాటలేంటే," అని శౌరయ్య కత్తి నూరుకునేవాడు.

ఒక ఏడు కార్తీకంలో పెద్ద గాలివాన వచ్చినది. ముసలి చెట్లు వరసగా ఒరిగిపోయినవి. వాటి చోట నిలబడవలసిన వయసు చెట్లు లేవు. అవి ఎప్పుడో సిలువలై, ఎండి, మరుసటి ఏడు ఉపవాసకాలం మొదలయ్యే విభూది బుధవారం నాడు బూడిదై అందరి నొసళ్ళకూ ఎక్కి పోయినవి. ఇక ఇసుకకు అడ్డమేమున్నది? పాదులను కప్పినది, గుడి గడప ఎక్కినది, దొరువులోకి జారడం మొదలుపెట్టినది. పొద్దున తవ్వి ఎత్తిపోసినది సాయంత్రానికి మళ్ళీ దిగేది. నీరు తగ్గి కొంచెం కొంచెంగా ఉప్పదనం పట్టినది.

ఇదే అదనుగా పెద్దూరు పెద్ద ఇన్నాసయ్య స్వాములవారి చెవిన వేశాడు. దొరువు పూడితే పాలెం ఎలాగూ లేచిపోతుంది, మరియతల్లి స్వరూపాన్ని ఇసుకపాలు చెయ్యడం దేనికి, మా గుడిలో పీఠం ఖాళీగానే ఉన్నది అని. ఆ పీఠం ఎవరి కోసం, ఎప్పటి నుంచి ఖాళీగా ఉంచారో అందరికీ తెలుసు. స్వాములవారు కూడా ఆలోచించి, మట్టల ఆదివారం నాడు బండి తెస్తాము, తల్లిని సాగనంపండి అని కబురు పంపినారు.

పాలెం పొయ్యిలో పిల్లి లేవలేదు. తల్లి వెళ్ళిపోతే ఇక ఇక్కడ ఉండి ఏం చేయాలని కొందరు తట్టా బుట్టా సర్దుకున్నారు. శౌరయ్యకు ఏమీ తోచలేదు. తోచినదల్లా ఒక్కటే, పోయే తల్లిని ఎవరూ మరిచిపోలేని సిలువలతో సాగనంపాలని. తోపు మూల ఇంకా కొన్ని పిల్లమొక్కలు మిగిలి ఉన్నవి. ముందురోజు మధ్యాహ్నం కత్తి నూరి పక్కన పెట్టుకుని, ఎండ తగ్గాక పోదామని పడవ నీడన నడుం వాల్చాడు. కన్ను అంటుకుంది.

కలలో మరియతల్లి దిబ్బ మీద కాళ్ళు చాపుకుని కూర్చున్నది. చుట్టూ పసిపిల్లలు. ఒక్కొక్కరినీ దగ్గరకు లాక్కుని నూనె రాసి, తల దువ్వి, బుగ్గ పుణికి ఆడుకోమని పంపుతున్నది. దగ్గరకు వెళ్ళి చూస్తే పిల్లలు కారు, తాటిమొక్కలు. కొందరికి నడినెత్తి లేదు. వారిని తల్లి పంపలేదు, ఒళ్ళోనే పెట్టుకున్నది. శౌరయ్య తాను అల్లిన సిలువను రెండు చేతులా అందించాడు. తల్లి పుచ్చుకోలేదు. సిలువను చూసి, ఒళ్ళోని బిడ్డ నెత్తిని అరచేత్తో తడిమి, "ఇది వీడిదేనా, శౌరీ?" అని అడిగినది. కోపంగా కాదు. ఇంట్లో పోయిన వస్తువు దొరికితే అడిగినట్టు అడిగినది.

శౌరయ్య లేచి ఇంటికి పరుగెత్తి అగాతమ్మకు చెప్పాడు. చెబుతూ ఏడ్చాడు. ఆమె చేటలో చేపలు సర్దుకుంటూ అంతా విన్నది.

"ఇన్నేళ్ళూ నేను మొత్తుకున్నదీ అదేగా. కలలోకొచ్చి చెబితే గానీ ఎక్కదా నీకు? ఇక నుంచి నేను కూడా కలలోకే వస్తాలే."

"ఎగతాళి చాలుగానీ, రేపు ఏం పట్టుకుని నడవమంటావే? వట్టి చేతుల్తోనా? ఇన్నాసయ్య నవ్వడూ?"

అగాతమ్మ చేతులు కడుక్కుని తోపులోకి వెళ్ళి, ఒరిగిన చెట్టు నుంచి ఎండిన మట్ట ఒకటి ఊడబెరికి, ఈడ్చుకుంటూ దొరువు దగ్గరకు తెచ్చినది. గాలి వచ్చే వైపున ఇసుకలో గుంట చేసి దానిని నిలబెట్టి తొక్కినది. ఎండాకు విసనకర్రలాగా నిలబడినది. కాసేపటికి దాని వెనక ఇసుక చేరడం ఆగినది. "పండగకు మట్ట కావాలన్నావు. ఇది మట్ట కాదూ?" అన్నది.

ఆ సాయంత్రం శౌరయ్య గడప గడపకూ తిరిగాడు. ఎవరూ మొవ్వు తియ్యవద్దని బతిమాలాడు. ఏటా కత్తి చేతికిచ్చినవాడే ఇప్పుడు వద్దంటుంటే విసుక్కున్నవారు విసుక్కున్నారు, కానీ అందరూ విన్నారు.

తెల్లవారి స్వాములవారు వచ్చేసరికి పాలెం అంతా ఎండు మట్టలు భుజాన వేసుకుని నిలబడి ఉన్నది. వెనక అలంకరించిన ఎడ్లబండి, బండి మీద ఇన్నాసయ్య.

"ఏం ఉపదేశీ, పండక్కి పొయ్యిలో పుల్లలు మోసుకొచ్చారేంటి? పచ్చాక్కూడా కరువొచ్చిందా మీ పాలెంలో?"

"కరువు తెచ్చిపెట్టింది నేనే బావా," అన్నాడు శౌరయ్య. తరువాత స్వాములవారి కాళ్ళ దగ్గర కూర్చుని కల చెప్పాడు. "తండ్రీ, ఒక్క ఏడాది గడువివ్వండి. మళ్ళీ మట్టల ఆదివారానికి ఈ దొరువు పూడిపోతే, తల్లిని నా నెత్తి మీద పెట్టుకుని నేనే పెద్దూరికి మోసుకొస్తా. ఆ పైన ఉపదేశిగిరీ చెయ్యను."

ఇన్నాసయ్య బండి దిగాడు. "కల సరే స్వామీ. ఎండు మట్టలకు ఆశీర్వాదం ఏ పుస్తకంలో ఉంది?"

స్వాములవారు తీర్థపు గిన్నె చేతిలోకి తీసుకున్నారు. "పుస్తకం నా చేతిలోనే ఉంది ఇన్నాసీ. తీర్థం కూడా నా చేతిలోనే ఉంది," అన్నారు. మొదట ఎండు మట్టల మీద చల్లినారు. తరువాత ఇసుకలో కాళ్ళు కూరుకుపోతుంటే నడిచి, తోపు మూల మిగిలిన పిల్లమొక్కల దగ్గరకు పోయి, ఒక్కొక్క మొవ్వు మీదా చల్లినారు. ఆ ఏటి ప్రదక్షిణం పెద్దూరికి పోలేదు. హోసన్నా పాడుతూ దొరువు చుట్టూ తిరిగి, ఎవరి మట్టను వారు గాలికి ఎదురుగా పాతినారు. అలా దడి లేచినది.

ఏడాది పొడుగునా శౌరయ్యకు అదే పని. ఇసుక దడి ఎత్తున పేరుకుంటే దాని మీద మరో దడి కట్టించేవాడు. తాటిపండ్ల కాలంలో తిన్నవారి దగ్గర టెంకలు అడిగి తెచ్చి దడి లోపల పాతేవాడు. ఎండాకాలం గాలికి దడి ఒకచోట విరిగి, రాత్రికి రాత్రి దొరువు సగం పూడినది. శౌరయ్య గట్టున కూలబడి, "ఇక మోయక తప్పదే అగాతా," అన్నాడు. "మోద్దువులే, ముందు ఈ తట్ట మొయ్యి," అని ఆమె తట్ట చేతికిచ్చినది. వారిద్దరూ ఇసుక ఎత్తుతుంటే ఒకరి వెనక ఒకరుగా పాలెమంతా వచ్చి దిగినది.

మళ్ళీ మట్టల ఆదివారం వచ్చినది. ఇన్నాసయ్య బండి కూడా వచ్చినది. ఇసుకలో లాగి లాగి ఎద్దులు నురగలు కక్కుతున్నవి, ఆయన నోరు పిడచకట్టినది. దడి అవతల ఇసుక గోడలాగా లేచి ఉన్నది. దడి ఇవతల దొరువు నిండుగా ఉన్నది. అగాతమ్మ దిగి చెంబు ముంచి తెచ్చి ఇచ్చినది.

"ఉప్పగా ఉన్నాయా అన్నా?"

ఇన్నాసయ్య చెంబు ఖాళీ చేసి మళ్ళీ చాచాడు. ఎద్దులకు కూడా పట్టించారు. బండి వట్టిదే వెనక్కి పోయినది. శౌరయ్య గుడిలోకి పోయి తల్లి ముందు బోర్లా పడుకుని, పూజ వేళ అయినా లేవకపోతే స్వాములవారే వచ్చి లేపినారు. ఆనాటి నుంచి ఆమె మొవ్వులమాత, ఇది మొవ్వులదిబ్బ.

ఈనాటికీ ఇక్కడ మట్టల ఆదివారానికి పచ్చాకు తెగదు. భక్తులు రాలిన ఎండు మట్టలు ఎత్తుకుని ప్రదక్షిణం చేసి దడిలో పాతుతారు. స్వాములవారు నిలిచి ఉన్న మొవ్వుల మీద తీర్థం చల్లుతారు. పూలదండలు, కొవ్వొత్తుల కన్నా ఒక తాటి టెంక తెచ్చి పాతినవారంటే తల్లికి ఎక్కువ ఇష్టం. బిడ్డలు నిలవనివారు ఒక మొక్కను పేరు పెట్టి పెంచితే వారి ఇంట ఉయ్యాల ఊగుతుందని నమ్మకం, ఊగిన ఇళ్ళవారు ఏటా వస్తున్నారు. పుట్టువెంట్రుకలు కూడా ఇక్కడ తీయిస్తారు. ఇక్కడ తలనీలాలు మనిషి ఇవ్వవలెను, చెట్టు ఇవ్వదు. ప్లాస్టిక్ సీసాలతో దొరువులోకి దిగేవారిని పాలెం ఆడవారు తిడతారు. ఆ తిట్లు కూడా తల్లివే అనుకుని పడవలెను.

చివరగా ఒక మనవి. నిరుడు పెద్దూరువారు దారి మొదట్లో నల్లరాయి ఒకటి నిలబెట్టినారు. మొదటి మట్టను పాతి ఈ తోపును నిలిపిన పుణ్యపురుషుడు ఇన్నాసయ్య అని దానిమీద ఉన్నది. రాయించినది ఆయన మనవలు. వారి దగ్గరకు వెళ్ళి మర్యాదగానే చెప్పడమైనది. "ఏదో ఒక పేరు ఉండాలిగా తాతా," అన్నారు. ఏదో ఒక పేరు కాదు. ఆయన తాగినది రెండు చెంబుల నీళ్ళు, పాతినది ఏమీ లేదు. ఈ రాసేవానికి అక్షరాలు అంతంత మాత్రం, పై వారికి అర్జీ రాసే చదువు లేదు. కాబట్టి ఈ పుస్తకం చదివిన విచారణ గురువులైన స్వాములవారు గాని, చదువుకున్న భక్తులు గాని పూనుకుని ఆ రాయిని దిద్దించవలెను. మొదటి మట్ట పాతినది కంతేటి అగాతమ్మ. పేరు చిన్నగా ఉన్నా పరవాలేదు, సముద్రపు గాలికి చెరగకుండా లోతుగా చెక్కించవలెను.