ముప్పై ఆరు చిలకలు, ముప్పై ఆరు పీటలు

ఏడు సముద్రాలకు ఇవతల ఒక రాజు ఉండేవాడు. ఆ రాజుకు ముగ్గురు కొడుకులు. ఏడు సముద్రాలకు అవతల గండకేతుడనే మాంత్రికుడు ఉండేవాడు. వాడు హేమరేఖ అనే రాజకుమార్తెను ఎత్తుకుపోయి, తన ముప్పై ఆరు చిలకలకు మేత వేసే పనికి పెట్టాడు. ఆ చిలకల్లో ఒకదానిలో వాడి ప్రాణం ఉంది.

ఆమెను విడిపిస్తానని పెద్దవాడు వెళ్లాడు. మాంత్రికుడు ఎడమకాలు కుంటుతూ వచ్చి, ఇరవై నాలుగు మూరల తాడు ఇచ్చాడు. దాన్ని నేలమీద నాలుగు మూలలుగా పరచాలి. లోపల మూరెడు పొడవు, మూరెడు వెడల్పు ఉన్న పీటలు వేయాలి. పీటకొక చిలక. అన్నీ కూర్చుంటే ఒక చిలకను ఎంచుకోవచ్చు. ఒక్కదానికి చోటు లేకపోయినా, తప్పు చిలకను పట్టుకున్నా రాయి కావాలి.

పొడుగ్గా ఉంటే ఎక్కువ పడతాయనుకుని పెద్దవాడు పదకొండు మూరల పొడవు, ఒక మూర వెడల్పు పెట్టాడు. పదకొండు చిలకలే కూర్చున్నాయి. అతను రాయి అయ్యాడు. రెండోవాడు ఎనిమిది మూరల పొడవు, నాలుగు మూరల వెడల్పు పెట్టాడు. ముప్పై రెండు కూర్చున్నాయి. అతనూ రాయి అయ్యాడు.

మూడోవాడు మణిధరుడు బయలుదేరాడు. ఏడో సముద్రంలో కొట్టుకుపోతున్న ఒక ఉడుతను పడవలోకి తీశాడు. అది అతని భుజం దిగలేదు. మాంత్రికుడు తాడు ఇవ్వగానే మణిధరుడు దాన్ని సాగదీయబోయాడు.

"తాడు ఎక్కడికీ పోదులే బాబూ, ముందు పీటలు వేసి చూడు" అంది ఉడుత.

అతను పీటలు వేశాడు, తీశాడు, మళ్లీ వేశాడు. వరుసకు ఆరు చొప్పున ఆరు వరుసలు వేస్తే తాడు చుట్టూ సరిగ్గా సరిపోయింది. చిలకలన్నీ కూర్చున్నాయి.

అన్నీ ఒకే పచ్చ. ఒకే ముక్కు. హేమరేఖ గింజలు చల్లుతూ అతని పక్కకు వచ్చి, చిలకకు తగిలిన దెబ్బ మాంత్రికుడికీ తగులుతుందని మెల్లగా చెప్పింది. అయితే కుంటి చిలకను వెతకాలి. అంచున ఉన్న ఇరవై చిలకలూ బాగానే నిలబడ్డాయి. లోపలి పదహారింటి కాళ్లు కనబడడం లేదు.

మణిధరుడు కాసేపు లెక్క వేసుకుని మాంత్రికుడి వైపు తిరిగాడు.

"ఇవే పీటల చుట్టూ డెబ్బై నాలుగు మూరల తాడు పట్టిస్తాను. ఆ తర్వాతే చిలకను ఎంచుకుంటాను."

"పీటలు పెంచకుండానా?"

"ఒక్కటి కూడా పెంచను. తాడు వదులైతే నన్ను రాయిని చెయ్యి."

పీటలు పెరగకుండా తాడెలా పెరుగుతుందని మాంత్రికుడు నవ్వి, సరేనని డెబ్బై నాలుగు మూరల తాడు తెచ్చి ఇచ్చాడు.

మణిధరుడు ముప్పై ఆరు పీటలనూ ఒకే వరుసలో వేశాడు. ఇటు ముప్పై ఆరు మూరలు, అటు ముప్పై ఆరు, రెండు కొసల్లో చెరొకటి. తాడు బిగువుగా సరిపోయింది. చిలకలు వరుసగా కూర్చున్నాయి. అతను వరుస వెంట కాళ్లు చూస్తూ నడిచాడు. ఇరవై తొమ్మిదో పీట మీది చిలక ఎడమకాలు ఎత్తి పెట్టుకుంది.

దాన్ని పట్టుకోగానే మాంత్రికుడు కూలబడ్డాడు. వాడి మంత్రాలన్నీ ఊడిపోయాయి. రాళ్లు లేచి అన్నలయ్యారు.

మణిధరుడికీ హేమరేఖకూ పెళ్లి జరిగింది. విందులో పీటలు గుంపుగా వేయబోతే అతను ఆపి, ఒకే వరుసలో వేయించాడు. వడ్డించేవాళ్లకు అందని విస్తరి ఒక్కటీ లేదు. మొదటి పీట ఉడుతది. ఆ తర్వాత వాళ్లిద్దరూ చాలాకాలం రాజ్యం ఏలారు. ఎవరి పొలం కొలవాలన్నా తాడు ఒక్కటే తెస్తే ఒప్పుకునేవారు కాదు, పీట కూడా తెమ్మనేవారు.