చీలిక దారి

కోనసీమ కొబ్బరితోటల కింద, చాలా లోతున, చమురుంది. పైకి రాదు. చమురు కంపెనీ ఇంజనీరు పుష్యమి బాధంతా అదే.

అక్కడి రాయి మరీ బిగుతు. నీళ్లను గట్టి ఒత్తిడితో పంపి చీలిస్తే తప్ప చమురు కదలదు. ఆమె మొదటి పథకంలో రాయి చీలింది గానీ, చీలిక తూర్పున ఉన్న చమురును వదిలేసి ఉత్తరాన ఉప్పునీటి పొరలో దూరింది. బావి నిండా నీళ్లే. కంపెనీ ఇంకొక్క బావికి ఒప్పుకుంది. అదీ పోతే ఆ చోటు మూసేస్తారు, పుష్యమికి మరో బావి అప్పగించేవాళ్లుండరు.

రాతిశాస్త్రం నేర్పిన ఖాదర్ మస్తాన్ గారి దగ్గరకు వెళ్లింది.

"ఈసారి రెట్టింపు పంపులు పెడతాను మాస్టారూ. తూర్పుకు ఎందుకు చీలదో చూస్తాను."

"రాయిని పరీక్షించావా?"

"పైకి తీసిన ప్రతి ముక్కనూ నలగ్గొట్టి చూశాను. దాని బలం నాకు కంఠతా వచ్చు."

"అది పైకొచ్చేసిన రాయి కదమ్మా," అంటూ ఆయన వంటింట్లోకి వెళ్లారు.

పుష్యమికి ఒళ్లు మండింది. పాఠం చెప్పిన రోజుల్లోనూ అంతే, అడిగినదానికి తిన్నగా జవాబు చెప్పిన పాపాన పోలేదు.

సాయంత్రం ఇఫ్తారు కోసం చేసిన చైనాగ్రాస్ జెల్లీ నుంచి మందపాటి ముక్క కోసి తెచ్చారాయన. ఉత్తరం వైపు ఒక అరచెయ్యి, దక్షిణం వైపు ఒక అరచెయ్యి పెట్టి మెల్లగా నొక్కి పట్టుకున్నారు. గులాబీ షర్బత్ నింపి పక్కన పెట్టిన సిరంజిని కళ్లతోనే చూపించి, "తూర్పుకు చీల్చు," అన్నారు.

సూదిని తూర్పుకు వాల్చి గుచ్చింది. ఎర్రటి చీలిక ఒక అరచేతి నుంచి రెండో అరచేతికి పాకింది. పళ్లు బిగబట్టి ఇంకా గట్టిగా తోసింది. షర్బత్ ఆయన మణికట్టు దాకా కారింది.

"మీ చేతులు ఇటు తిప్పండి మాస్టారూ."

"నేను తిప్పుతాను. భూమికెవరు చెబుతారు?"

ఆమె చీలిన ముక్కను పక్కకు తీసేసింది. లేచి ఇంకో ముక్క కోసి తెచ్చి ఆయన చేతుల మధ్య పెట్టింది. ఈసారి సూదిని అడ్డంగా, పడమర నుంచి తూర్పుకు, చివరి దాకా గుచ్చింది. వెనక్కి లాక్కుంటూ అక్కడక్కడా కొంచెం కొంచెం షర్బత్ వదిలింది. ముక్క పొడవునా పొట్టి పొట్టి చీలికలు వరసగా విచ్చుకున్నాయి. ఒక్కటీ చేతులను తాకలేదు.

అక్కడి నుంచే ఆఫీసుకు ఫోన్ చేసింది.

"కొత్త బావిని తూర్పుకు పడుకోబెట్టి తవ్వుదాం. లోపల భూమి ఎటు నొక్కుతోందో ముందు కొలుస్తాను. పథకమంతా మళ్లీ వేస్తాను."

అవతలాయన పంపుల సంగతి అడిగాడు.

పుష్యమి మాస్టారి వైపు చూసింది.

"ఉన్నవి చాలండీ," అంది.