మట్టి పూసిన దీపం

కొమురయ్య సార్‌కు ఒక అలవాటు ఉంది. బొగ్గుగని గురించి ఎవరేమడిగినా పైన నిలబడి జవాబు చెప్పరు. "దా బిడ్డా, కిందికి పోదాం" అని టోపీ పెట్టుకుంటారు. ఎందరో ఇంజనీర్లకు గనిపని నేర్పి తల నెరిసినా ఆ అలవాటు మానలేదు.

ఆ రోజు శిష్యుడైన గని ఇంజనీరు రుక్మాంగదం నిప్పులు కక్కుతూ వచ్చాడు. కోపం రాదా మరి? భూగర్భంలో కార్మికులను పనిచోటికి మోసుకుపోయే చిన్న రైలుకు ఏళ్ల తరబడి గుడ్డి పసుపు దీపమే గతి. వాళ్ల కాళ్లూ వీళ్ల కాళ్లూ పట్టుకుని దాన్ని తీయించి, తెల్లటి ఎల్‌ఈడీ పెట్టించింది అతడే. స్వయంగా డ్రైవర్ పక్కన కూర్చుని పరీక్షించాడు. సొరంగం పట్టపగలులా వెలిగింది. వారం తిరక్కుండా డ్రైవర్ ఓదెలు ఆ అద్దానికి తడిమట్టి మెత్తేశాడు! పట్టాల పక్కన నడిచే కార్మికులేమో దీపం పెట్టినవాణ్ణి నోటికొచ్చినట్టు తిడుతున్నారు.

"మంచి చేసినోన్నే తిట్టేటోళ్లకు మంచెందుకు చెయ్యాలె సార్? ఆ ఓదెలును ఇయ్యాలనే బండి దింపి ఇంటికి పంపుత. ఉద్యోగం పోతెగాని బుద్ధి రాదు."

"దా, కిందికి పోదాం" అన్నారు సార్.

కింద ఓదెలు రైలు దగ్గర తల వంచుకుని నిలబడి ఉన్నాడు. ఆ బండి నడపడం తప్ప వేరే పని ఎరగనివాడు. సార్ అతన్ని ఏమీ అడగలేదు. మట్టి తుడిచేసి, కాసేపాగి, మనిషి నడిచినంత మెల్లగా తమ వెనకాలే రమ్మన్నారు. శిష్యుణ్ణి తీసుకుని పట్టాల పక్కనే మలుపు దాటారు. రైలు వస్తే మనుషులు తప్పుకోవడానికి అక్కడ గోడలో గూళ్లు తొలిచి ఉంటాయి. "బండి రాంగనే గూట్లకు జరుగు" అని చెప్పి తాను ముందే ఒక గూట్లో ఒదిగారు.

రైలు మలుపు తిరిగింది. తెల్లటి వెలుగు, వెనక్కి తిరిగి చూసిన రుక్మాంగదం కళ్లలో సూదుల్లా దిగింది. రెప్పలు మూసినా తెలుపే, తెరిచినా తెలుపే. గూడు కుడివైపా, ఎడమవైపా? రెండు చేతులతో గోడంతా తడిమాడు. రాయి తప్ప ఏమీ తగల్లేదు. చక్రాల చప్పుడు మీదికొస్తోంది. పట్టా కాలికి తగిలి ముందుకు తూలాడు. అప్పుడు ఆ దీపాన్నీ, దాన్ని చేసినవాణ్ణీ, పెట్టినవాణ్ణీ కలిపి చదువుకున్నవాళ్లు అనకూడని మాట అన్నాడు.

"ఆపు! ఆర్పు దాన్ని!"

వెలుగు ఆరింది. కళ్లు కుదుటపడ్డాక చూస్తే రైలు చాలా దూరంలోనే ఆగి ఉంది. సొరంగంలో మారుమోగిన చప్పుడు తప్ప అది మీదికి రానే లేదు.

"నేను అరవకముందే ఎందుకాపినవ్?" అని ఓదెలును ఉక్రోషంగా కేకేసి అడిగాడు.

"మీరు గోడ తడుముకునుడు కనబడ్డది సార్. అందరు గట్లనే తడుముకుంటున్రు. రోజూ గింత మెల్లగ నడపనియ్యరు. అందుకే మట్టి పూసిన."

ఈ మాట ఓదెలు వారం కిందటే చెప్పేవాడు, ఎవరైనా అడిగి ఉంటే. దీపం పెట్టినవాళ్లకు గానీ, ఉద్యోగం తీసేద్దామనుకున్నవాళ్లకు గానీ అంత తీరిక దొరకలేదు.

కొమురయ్య సార్ గూట్లోంచి బయటికి వచ్చారు. తన టోపీ దీపం శిష్యుడి కళ్లలో పడకుండా తల పక్కకు తిప్పుకున్నారు. గొంతులో కోపం మాత్రం దాచుకోలేదు.

"నీ దీపం మంచిదే బిడ్డా. నువ్వు తడుముకునుడు గూడ ఆయనకు కనబడ్డది. ఇగ బండి దింపు ఆయనను, ఎట్ల దింపుతవో."