కంకర దారిలో తీతువు గూడు

ఎర్రగుట్ట చుట్టూ ఒక కంకర దారి ఉంది. దాని మలుపులో, బండరాయి వెనక, ఒక తీతువు పిట్ట నాలుగు గుడ్లు పెట్టింది. మగపిట్టను కిందటి నెలే డేగ తన్నుకుపోయింది. ఇక తీతువుకు మిగిలింది ఆ నాలుగే. అవి అచ్చం కంకర రాళ్ళలాగే ఉండేవి. నక్క రోజూ ఆ దారిలో ముక్కు నేలకానించి తిరిగేది గానీ, ఏనాడూ కనిపెట్టలేకపోయింది.

ఒకరోజు మనుషులు జీపుల్లో వచ్చి దారి పొడవునా జెండాలు పాతారు. ఎక్కడెక్కడి దేశాల కార్లూ వచ్చి ఈ కంకర మీద రెండు రోజులు పందెం పరుగెడతాయట. ఆ మాట విన్న దగ్గర్నుంచి తీతువుకు తిండి సహించలేదు.

“భయపడకమ్మా,” అంది అక్కడ మేస్తున్న ముసలి ఎద్దు. “రెండేళ్ళ కిందటా ఈ పందెం చూశాను. కార్లు మలుపు లోపలి అంచు పట్టుకుని పోతాయి. నీ గూడు బయటి అంచున, రాయి చాటున ఉంది. కదలకుండా కూర్చో.”

“ఒక్కటి అదుపు తప్పితే, తాతా?”

ఎద్దు తోకతో ఈగలు తోలుకుంటూ పచ్చిక వైపు నడిచింది.

సాయంత్రం నక్క వచ్చింది, నోట ఒక ఎర్ర రిబ్బనుతో. “చెల్లెమ్మా, పందెం వాళ్ళతో మాట్లాడే వస్తున్నాను. గూడున్న చోట ఇది కడితే ఏ దేశం కారైనా తప్పుకుని పోవాల్సిందే. వాళ్ళ రూలు. గూడెక్కడో చెప్పు, కట్టేస్తాను.”

“నిన్నెలా నమ్మను అన్నా? నా గుడ్ల కోసం తిరిగేది నువ్వేగా?”

“తిరిగాను, కాదనను. ఇప్పుడు పళ్ళు కదులుతున్నాయి, పోయేలోపు కాస్త మంచిపేరు తెచ్చుకుందామని. నమ్మకపోతే మానెయ్. రేపు చక్రం కింద పడ్డాక నా దగ్గరకొచ్చి ఏడవకు.”

నక్క వెనక్కి తిరిగింది. నాలుగడుగులు వేసిందో లేదో తీతువు వెంటపడింది. “ఆగు అన్నా, చూపిస్తాను.”

నక్క గూటి పక్క ముళ్ళకంపకు రిబ్బను కట్టింది. “పందెం అయ్యేదాకా ఇక్కడెవరూ ఉండకూడదు. గుట్ట అవతలికి పో. దుమ్ము అణిగాక రా.”

మర్నాడు కార్లు గుట్టను అదరగొడుతూ పోయాయి. తీతువు అవతలి వైపు రెక్కల్లో తల దాచుకుని కూర్చుంది. దుమ్ము అణగగానే ఎగిరొచ్చింది.

రిబ్బను చెక్కుచెదరలేదు. గూట్లో పెంకులున్నాయి. చుట్టూ మట్టిలో చక్రం గుర్తు ఒక్కటీ లేదు, నక్క అడుగులు తప్ప.

“అయ్యో చెల్లెమ్మా!” అంది నక్క, ముళ్ళకంప వెనక నుంచి వస్తూ. “నీలం కారు, నా కళ్ళ ముందే…” దాని మీసం మీద పచ్చసొన ఇంకా ఆరలేదు.

తీతువు గుట్టంతా తిరుగుతూ అరిచింది. “కారు కాదు! నక్క తినేసింది! నమ్మకండి!”

“మొదలెట్టింది,” అని విసుక్కుంది కౌజు పిట్ట. “తీతువు కూస్తే చావే. ఆ గుడ్లు పోయింది దాని నోటి వల్లే.” అని నక్క వైపు తిరిగింది. “అన్నా, రేపూ పందెముందటగా. నా గూటికీ ఒక రిబ్బను కట్టి పెట్టవూ?”

నక్క మూతి తుడుచుకుంది. “దానికేం భాగ్యం తల్లీ! పద, ఎక్కడో చూపించు.”

ఎద్దు తలెత్తి చూసింది. మళ్ళీ మేతలో మూతి పెట్టింది.

కాపాడతానని వచ్చినవాడు ముందుగా గూడెక్కడని అడిగితే, భయపడాల్సింది వాడికే.