బంతి వెళ్ళొస్తానంది

ఒకప్పుడు కిందపడ్డది ఏదీ పైకి ఎగిరేది కాదు. పడ్డచోటే అతుక్కుపోయేది. బంతి అయినా అంతే, వంకాయ అయినా అంతే.

దీనికంతటికీ కారణం నేల పెద్దమ్మ. ఆవిడకి చుట్టాలంటే ప్రాణం. ఏది వచ్చి పడినా, "రా తల్లీ, కూర్చో. భోంచేసి వెళుదువుగాని!" అని గట్టిగా పట్టుకునేది. గరిటె పడితే గరిటెకి పప్పన్నం. గొడుగు పడితే గొడుగుకి పెరుగన్నం. ఊరి మునసబు సన్యాసినాయుడు ఒకసారి జారిపడి, వానాకాలమంతా బోర్లా పడుకునే తగువులు తీర్చాడు. లేచేసరికి ఆయన పొట్ట ఎంత పెరిగిందో ఏం చెప్పను!

నూకాలు అనే పిల్లకి ఒక ఎర్ర బంతి ఉండేది. అది కిందపడ్డప్పుడల్లా నూకాలూ, వాళ్ళమ్మా కలిసి గునపంతో పెకిలించేవారు. చివరికి వాళ్ళమ్మకి విసుగొచ్చింది.

"ఒలే నూకాలూ! ఇంకొక్కసారి పడిందంటే ఆ బంతిని అక్కడే ఒగ్గేసి రా!" అంది.

ఆ మాట అంటుండగానే బంతి చేతిలోంచి జారింది. ధబ్!

"వచ్చావా తల్లీ! గుత్తివంకాయ కూర వండాను," అంది పెద్దమ్మ.

"నన్ను వదులు పెద్దమ్మా, నేను వెళ్తాను! లేకపోతే నూకాలు నన్ను ఇక్కడే వదిలేస్తుంది," అని బంతి ఏడ్చింది.

పెద్దమ్మకీ కళ్ళనీళ్ళు వచ్చాయి. "అందరూ వెళ్తాననేవాళ్ళే. వెళ్ళినవాళ్ళు ఒక్కరైనా తమంతట తాముగా మళ్ళీ నా మొహం చూశారా? అందుకే నేను వదలను."

బంతి అటూ ఇటూ చూసింది. సరిగ్గా అప్పుడే ఎదురింటి గుమ్మంలో ఒక చుట్టాలావిడ బయల్దేరుతోంది. ఇంటావిడ ఆవిడ చెయ్యి పట్టుకుని వదలడం లేదు. "వెళ్ళొస్తాను వదినా," అంది చుట్టాలావిడ. అంతే! ఇంటావిడ నవ్వి, చెయ్యి వదిలేసి, బొట్టు పెట్టి పంపింది.

"పెద్దమ్మా, వెళ్ళొస్తాను!" అంది బంతి గబగబా.

పెద్దమ్మ ఉలిక్కిపడింది. ఆవిడతో ఇంతవరకు ఆ మాట ఎవరూ అనలేదు. వెళ్ళొస్తానన్నవాళ్ళని ఆపకూడదు కదా! "నిజంగా వస్తావుగా?" అని, బంతి నోట్లో ఒక ముద్ద పెట్టి, కిందనుంచి ఒక్క తోపు తోసింది.

బంతి నూకాలు ముక్కుదాకా ఎగిరింది! నూకాలు పట్టుకోబోయేలోపే పెద్దమ్మకి ఇచ్చిన మాట బంతికి గుర్తొచ్చింది. భయపడుతూనే మళ్ళీ కిందికి వచ్చేసింది.

పెద్దమ్మ మురిసిపోయి ఇంకో ముద్ద పెట్టి తోసింది. పొట్ట బరువెక్కి, ఈసారి బంతి నడుందాకే ఎగిరింది. ఆ తర్వాత మోకాలిదాకా. చివరికి భుక్తాయాసంతో దొర్లుకుంటూ పోయి నూకాలు కాళ్ళ దగ్గర ఆగింది.

నూకాలు దాన్ని ఎత్తి గుండెలకి హత్తుకుంది. "అమ్మా, దీన్ని నేను ఒగ్గను!" అంది.

తర్వాత గోళీలు, వడగళ్ళు కూడా బంతి దగ్గర ఆ మాట నేర్చుకున్నాయి. పేడముద్దకి కూడా బంతి ఎంతో చెప్పి చూసింది.

"భోజనం పెడతానంటుంటే వెళ్ళడం దేనికి?" అంది పేడముద్ద.

అప్పటినుంచే నేలకి తగిలిన బంతి పైకి ఎగురుతోంది, ఎగిరిన ప్రతిసారీ పెద్దమ్మ దగ్గరికి తిరిగి వస్తోంది. పేడముద్ద మాత్రం విస్తరి ముందునుంచి ఇంకా లేవలేదు.